ల్యాప్‌టాప్ ఆన్ కాకపోతే: కరెంటు ఎక్కడ ఆగింది?



రాత్రి దాకా బాగానే నడిచిన ల్యాప్‌టాప్ పొద్దున బటన్ నొక్కితే ఉలకదు, పలకదు. సూర్యాపేటలో రిపేరు బల్ల ముందు కూర్చునేవాళ్లు రోజూ వినే మాటే ఇది. అయినా తెచ్చినవాళ్ల కంగారు మాత్రం ప్రతిసారీ కొత్తదే. ఒకరికి దోస్త్‌లో డిగ్రీ సీటు కోసం ఆప్షన్లు పెట్టుకోవడానికి అదే ఆఖరు రోజు. ఇంకొకరి ప్రాజెక్టు రిపోర్టు అంతా అందులోనే ఉంది. ఇంటి దగ్గర కూర్చుని హైదరాబాదు కంపెనీకి పనిచేసే అమ్మాయికి గంటలో మీటింగు. ఆత్మకూర్ (ఎస్) నుంచో, నెమ్మికల్ నుంచో, తుమ్మల పెన్‌పహాడ్ నుంచో బస్సు పట్టుకుని పేటకు రావాలి. ఇక్కడ కాదంటే 130 కిలోమీటర్లకు పైగా పోయి హైదరాబాదులో చూపించుకోవాలి. అందుకే సంచిలోంచి ల్యాప్‌టాప్ తీయకముందే అడిగేస్తారు: “అన్నా, మదర్‌బోర్డు పోయినట్టేనా?”

చాలాసార్లు పోదు. బోర్డు దాకా కరెంటు రాకపోవడమో, వచ్చినా తెర మీదికి బొమ్మ రాకపోవడమో అయి ఉంటుంది. ఆ రెండింటిలో ఏదన్నది ఇంట్లోనే తేల్చుకోవచ్చు, స్క్రూడ్రైవరు కూడా అక్కర్లేదు. అది తేల్చుకోకుండా దుకాణానికి వచ్చినవాళ్లే ఎక్కువగా నష్టపోతున్నారు. ఛార్జరు మారిస్తే సరిపోయేదానికి బోర్డు ఖర్చు నెత్తినేసుకుని వెళ్లినవాళ్లున్నారు. అందుకే ఇవాళ ఈ విషయం కాస్త నిదానంగా చెప్పాలనుకుంటున్నాను.

ఎస్సారెస్పీ రెండో దశ కాలువ కింద ఎవుసం చేసే రైతును చూడండి. మడికి నీళ్లు రాకపోతే కాలువ ఎండిపోయిందని ఇంట్లో కూర్చోడు. గట్టు పట్టుకుని నడుస్తాడు. పిల్లకాలువలో ఉన్నాయా, తూము దగ్గర ఉన్నాయా, నీళ్లు ఎక్కడిదాకా వచ్చి ఎక్కడ ఆగాయో చూస్తాడు. ల్యాప్‌టాప్ దగ్గర కూడా మనం చేయాల్సింది అదే. గోడ సాకెట్ నుంచి మొదలుపెట్టి కరెంటు వెంబడి నడవాలి.

మొదట సాకెట్. అదే సాకెట్‌లో ఫోను ఛార్జరు పెట్టి చూడండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు ఉంటే తీసేసి నేరుగా గోడకు పెట్టండి. పాత ఇళ్లలో స్విచ్‌బోర్డు పిన్నులు వదులై ఉంటాయి. ప్లగ్గు కదిలిస్తే వస్తుంది, వదిలేస్తే పోతుంది. ఇది అందరికీ తెలిసిన సంగతే కాబట్టి ముందుకు పోదాం.

తర్వాత అడాప్టర్. అంటే వైరు మధ్యలో ఉండే నల్ల డబ్బా. దాని అడుగున చిన్న అక్షరాల్లో ఉన్నది ఒకసారి తీరిగ్గా చదవండి. ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టులు అని ఉంటుంది. మన ఊళ్లలో లో వోల్టేజీ వచ్చి ఫ్యాను సరిగా తిరగకపోయినా అడాప్టర్ మాత్రం పనిచేస్తుంది. అందుకే ల్యాప్‌టాప్ కోసం ప్రత్యేకంగా స్టెబిలైజర్ కొనాల్సిన పని లేదు. దాని కింద అవుట్‌పుట్ రాసి ఉంటుంది. 19 వోల్టులు, 3.42 ఆంపియర్లు అని ఉంటే రెండూ గుణిస్తే 65 వాట్లు. కొన్ని కంపెనీలవి 19.5 వోల్టులు, కొన్ని 20. మీ ఛార్జరు పోయి పక్కింటివాళ్లది అడిగి తెచ్చుకున్నప్పుడు ఈ అంకెలు చూడాలి. వోల్టులు సరిపోవాలి, ఆంపియర్లు మీదానికి సమానంగానో ఎక్కువగానో ఉండాలి. పిన్ను దూరింది కదా అని పెట్టేయకూడదు.

చాలా అడాప్టర్ల మీద చిన్న లైటు ఉంటుంది. దాన్ని జాగ్రత్తగా గమనించండి, ఎందుకంటే అది చెప్పే సంగతి చాలామందికి తెలియదు. గోడకు పెడితే లైటు వెలగకపోతే లోపం అడాప్టర్‌లోనో, సాకెట్‌కూ డబ్బాకూ మధ్య ఉండే వైరులోనో ఉంది. ఆ వైరు విడిగా ఊడి వస్తుంది, మూడు బొక్కల వైరు. అదే రకం చాలా ల్యాప్‌టాప్‌లకు ఉంటుంది, ఇంకొకరిది తెచ్చి మార్చి చూడొచ్చు. వడ్ల బస్తాలు పెట్టుకున్న ఇళ్లలో ఎలుకలు కొరికిన వైర్లు మేం తరచూ చూస్తాం. కొరికిన చోటు మంచం కోడు వెనకాలో, బస్తాల సందులోనో ఉంటుంది కాబట్టి ఇంట్లోవాళ్ల కంట పడదు. వైరు పొడుగునా చేత్తో తడిమి చూడండి, కానీ ప్లగ్గు పీకేసిన తర్వాతే.

ఇక లైటు వెలిగింది, కానీ పిన్ను ల్యాప్‌టాప్‌లో పెట్టగానే ఆరిపోయింది అనుకోండి. పీకేస్తే మళ్లీ వెలుగుతుంది. అంటే అడాప్టర్ బాగానే ఉంది. ల్యాప్‌టాప్ లోపల ఎక్కడో షార్ట్ అయింది, అడాప్టర్ తనను తాను కాపాడుకోవడానికి కరెంటు ఆపేస్తోంది. ఇది కనిపిస్తే ఇంట్లో ప్రయత్నాలు అక్కడితో మానేయండి. పదేపదే పెట్టి తీస్తే చిన్న కెపాసిటర్‌తో పోయేది పెద్దదవుతుంది. మెకానిక్‌కు మీరు “పిన్ను పెట్టగానే అడాప్టర్ లైటు ఆరిపోతోంది” అని ఈ ఒక్క మాట చెబితే చాలు, సగం వెతుకులాట తప్పుతుంది.

మన ప్రాంతంలో అడాప్టర్లు గుంపుగా పోయే సందర్భం ఒకటుంది. వేసవి చివర ఈదురుగాలులతో వాన పడ్డప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో స్తంభం మీదో న్యూట్రల్ తీగ తెగుతుంది. మామూలుగా ఇంట్లోకి వచ్చేది 230 వోల్టులు. రెండు ఫేజుల మధ్య ఉండేది 400 వోల్టులు. న్యూట్రల్ తెగితే తక్కువ లోడు ఉన్న ఫేజు ఇళ్లలోకి 300 పైన, ఒక్కోసారి 400కు దగ్గరగా దూకుతుంది. ఆ రోజు ఆ వాడలో టీవీలు, సెట్‌టాప్ బాక్సులు, ఫ్రిజ్‌లు, ల్యాప్‌టాప్ ఛార్జర్లు అన్నీ ఒకేసారి కాలిపోతాయి. బల్బులు ఉన్నట్టుండి విపరీతంగా వెలగడం, ఫ్యాను మామూలుకంటే వేగంగా తిరగడం చూస్తే వెంటనే మెయిన్ ఆపేసి లైన్‌మన్‌కు ఫోను చేయండి. అలాంటి రోజు ల్యాప్‌టాప్ ఆన్ కాకపోతే నిరాశపడకండి. చాలావరకు అడాప్టరే ఆ దెబ్బ తింటుంది, లోపలి బోర్డు క్షేమంగా బయటపడుతుంది. ముందు వేరే అడాప్టర్‌తో చూడాలి.

లోహపు ఒళ్లున్న ల్యాప్‌టాప్ ముట్టుకుంటే చేతికి జుమ్ జుమ్‌మని తగులుతోందని కొందరు భయపడుతూ తెస్తారు. అది ల్యాప్‌టాప్ తప్పు కాదు. ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేదు. మూడో పిన్ను పనిచేయని ఇంట్లో అడాప్టర్ నుంచి కొద్దిపాటి లీకేజీ కరెంటు ఒంటి మీదికి వస్తుంది. ఎర్తింగ్ బాగుచేయించుకోండి, అది ల్యాప్‌టాప్ కోసమే కాదు, ఇంట్లో పిల్లల కోసం కూడా.

అడాప్టర్ దాటి ఇంకో అడుగు. పిన్ను, జాకు. డెల్, హెచ్‌పీ ఛార్జర్లలో గుండ్రటి పిన్ను మధ్యలో సన్నని సూది ఉంటుంది. ఇది తన సొంత ఛార్జరేనా, ఎన్ని వాట్లదని ల్యాప్‌టాప్ తెలుసుకునేది ఆ సూది ద్వారానే. అది వంగినా విరిగినా ల్యాప్‌టాప్ నడుస్తుంది గానీ బ్యాటరీ ఎక్కదు. వారం రోజులు అట్లా నడిచి ఒకరోజు బ్యాటరీ ఖాళీ అయ్యాక “నిన్నటిదాకా బాగుంది” అంటారు. పిన్నును వెలుతురులో పట్టుకుని చూస్తే సూది వంకర కంటికే కనిపిస్తుంది. జాకు లోపల ఊగుతుంటే, ఒక కోణంలో పట్టుకుంటేనే ఛార్జింగు ఎక్కుతుంటే, జాకు మార్చాలి. అది చిన్న పని. సూర్యాపేటలోనో కోదాడలోనో మిర్యాలగూడలోనో అవుతుంది, హైదరాబాదు పోనక్కర్లేదు.

కొత్త ల్యాప్‌టాప్‌లకు టైప్-సి వచ్చింది. ఫోను ఛార్జరు కూడా అందులో దూరుతుంది కాబట్టి దాంతోనే ఎక్కుతుందని చాలామంది నమ్ముతున్నారు. ఫోను ఛార్జరు 5 వోల్టులో 9 వోల్టులో ఇస్తుంది. ల్యాప్‌టాప్‌కు మామూలుగా 20 కావాలి. ఛార్జరు మీద 80 వాట్లని రాసి ఉన్నా, కొన్ని కంపెనీల ఛార్జర్లు ఆ వేగాన్ని తమ ఫోన్లకే ఇస్తాయి, ల్యాప్‌టాప్‌కు కొంచెమే వదులుతాయి. బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయిన ల్యాప్‌టాప్ ఆ కొంచెంతో లేవదు. పవర్ డెలివరీ అని రాసి, 20 వోల్టుల లైను ఉన్న ఛార్జరు కావాలి. రెండు టైప్-సి పోర్టులుంటే రెండింట్లోనూ పెట్టి చూడండి. కొన్నిట్లో ఒకటే ఛార్జింగుకు పనికొస్తుంది.

ఇప్పుడు అన్నింటికంటే ముఖ్యమైన పని చెబుతాను. దయచేసి ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. ఛార్జరు పీకేయండి. పెన్‌డ్రైవ్, మౌస్, డాంగిల్ అన్నీ తీసేయండి. బ్యాటరీ ఊడివచ్చే పాత రకం అయితే బ్యాటరీ కూడా తీయండి. ఇప్పుడు పవర్ బటన్‌ను 30 సెకన్ల పాటు గట్టిగా అదిమి పట్టుకోండి. మధ్యలో వదలొద్దు, మనసులో లెక్కపెట్టుకోండి. వదిలేసి, ఒక నిమిషం ఆగి, ఛార్జరు ఒక్కటే పెట్టి, బటన్ ఒకసారి నొక్కండి.

దీంతో ఎందుకు లేస్తుందో కూడా చెప్పాలి, లేకపోతే ఇదేదో మంత్రమనుకుంటారు. ల్యాప్‌టాప్‌లో పవర్ బటన్ చూసుకోవడానికి, ఛార్జింగు, కీబోర్డు చూసుకోవడానికి ఒక చిన్న చిప్పు విడిగా ఉంటుంది. మనం షట్‌డౌన్ చేసినా అది నిద్రపోదు, మీరెప్పుడు బటన్ నొక్కుతారా అని కాచుకుని ఉంటుంది. కరెంటు పోతూ వస్తూ ఉన్నప్పుడు, ఛార్జింగులో ఉండగా ఏదైనా తేడా వచ్చినప్పుడు ఆ చిప్పు బిగుసుకుపోతుంది. ఇక మీరు బటన్ ఎన్నిసార్లు నొక్కినా దానికి వినపడదు. అన్ని దారులూ మూసి బటన్ అదిమి పట్టుకుంటే బోర్డులో మిగిలి ఉన్న కరెంటు దిగిపోయి ఆ చిప్పు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. బ్యాటరీ బయటికి రాని కొత్త రకాల్లో బటన్‌ను అంతసేపు పట్టుకోవడాన్నే ఆ చిప్పు రీసెట్‌గా తీసుకుంటుంది. కొన్ని థింక్‌ప్యాడ్‌లకు అడుగున సూది మొన పట్టేంత రంధ్రం ఇందుకే ఇచ్చారు, పేపర్ క్లిప్పు విప్పి నొక్కాలి. కోటపహాడ్ నుంచి ఒక విద్యార్థి తండ్రితో కలిసి తెచ్చిన ల్యాప్‌టాప్ ఇట్లాగే లేచింది. ఆ తండ్రి డబ్బులు ఎంతని అడుగుతూనే ఉన్నాడు, పిల్లవాడు మాత్రం ఎన్ని సెకన్లు పట్టుకున్నారని అడిగాడు. ఆ ప్రశ్న అందరూ అడగాలని నా కోరిక.

దానికీ లేవకపోతే ఛార్జరు పెట్టి గంటసేపు వదిలేయండి. సెలవుల్లో నెలల తరబడి బీరువాలో పెట్టిన ల్యాప్‌టాప్ బ్యాటరీ బాగా అడుగంటుతుంది. అప్పుడు ఛార్జింగు సర్క్యూట్ దానికి చాలా తక్కువ కరెంటుతో మెల్లగా ఎక్కిస్తుంది. ఐదు నిమిషాలకే తేలిపోవాలని తొందరపడొద్దు.

కానీ టచ్‌ప్యాడ్ ఉబ్బి పైకి లేచిందా, మూత సరిగా మూసుకోవడం లేదా, అడుగు భాగం బల్ల మీద నిలవక ఊగుతోందా చూడండి. అది బ్యాటరీ ఉబ్బడం. ఛార్జింగు పెట్టొద్దు, నొక్కి సర్దొద్దు, గుచ్చొద్దు. లిథియం బ్యాటరీ మంటలు మామూలు మంటలు కావు. 2006లో డెల్ కంపెనీ అంతటిది సోనీ సెల్స్ వల్ల మంటల ప్రమాదం ఉందని 41 లక్షల ల్యాప్‌టాప్ బ్యాటరీలను వెనక్కి పిలిపించుకుంది. ఉబ్బిన బ్యాటరీని చెత్తబండిలో కూడా వేయకండి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాత బ్యాటరీలను తిరిగి సేకరించాల్సిన బాధ్యత తయారీదారులదే. సర్వీసు సెంటరుకు తిరిగి ఇవ్వండి.

ఇంతవరకు కరెంటు రాని ల్యాప్‌టాప్ గురించి. ఇంకో రకం ఉంది: లైటు వెలుగుతుంది, ఫ్యాను తిరిగిన చప్పుడు వస్తుంది, తెర మాత్రం నల్లగా ఉంటుంది. దీన్నీ “ఆన్ అవుతలేదు” అనే అంటారు. నిజానికి అది ఆన్ అయింది, మనకు కనపడటం లేదు. క్యాప్స్ లాక్ నొక్కి చూడండి. దాని లైటు వెలిగి ఆరుతుంటే లోపల ప్రాణం ఉంది. వెలగనంత మాత్రాన లేదని కాదు, కొన్నిట్లో ఆ లైటు విండోస్ వచ్చాకే పనిచేస్తుంది. గదిలో లైట్లు ఆర్పేసి ఫోను టార్చి తెరకు దగ్గరగా ఏటవాలుగా పెట్టి చూడండి. మసకమసకగా బొమ్మ కనిపిస్తే తెర వెనక వెలుతురు పోయింది, అంతే. ఇంట్లో టీవీకి హెచ్‌డీఎంఐ వైరుతో కలపండి. టీవీలో బొమ్మ వస్తే మీ పని ఆ రోజుకు ఆగదు, తెర సంగతి రేపు చూసుకోవచ్చు.

అయస్కాంతం సంగతి కూడా చెప్పాలి. ల్యాప్‌టాప్ మూత మూస్తే నిద్రపోవడానికి లోపల ఒక సెన్సరు ఉంటుంది, అది అయస్కాంతాన్ని బట్టి పనిచేస్తుంది. అయస్కాంతం బిళ్ల ఉన్న ఫోను కవరును కీబోర్డు పక్కన పెడితే మూత మూశారనుకుని తెర ఆరిపోతుంది. ఫోను పక్కకు జరిపి చూడటానికి ఖర్చేమీ లేదు.

లైట్లు ఒక పద్ధతిలో మినుకుమంటున్నా, బీప్‌లు వస్తున్నా ఎన్నిసార్లో లెక్కపెట్టి రాసుకోండి, ఫోనులో వీడియో తీసుకుంటే మరీ మంచిది. ఏ భాగం పలకడం లేదో ల్యాప్‌టాప్ ఆ లెక్కతోనే చెబుతుంది. కంపెనీ మాన్యువల్‌లో దానికి అర్థం ఉంటుంది. ఎక్కువగా అది ర్యామ్. తీసి, బంగారు రంగు అంచును రబ్బరుతో తుడిచి మళ్లీ బిగిస్తే లేచేవి ఎన్నో. వారంటీ ఉన్న ల్యాప్‌టాప్‌ను మాత్రం ఇంట్లో విప్పకండి, తర్వాత పేచీ వస్తుంది.

మన ప్రాంతంలో దుమ్ము గురించి, ఎండ గురించి చెప్పకపోతే తప్పు. మిర్యాలగూడ రైసు మిల్లుల చుట్టుపక్కల తవుడు దుమ్ము, మేళ్లచెరువు, మఠంపల్లి వైపు సిమెంటు దుమ్ము, మా దగ్గర వరికోతలప్పుడు పొట్టు దుమ్ము. ఇవి ఫ్యాను రెక్కల వెనక దట్టంగా పేరుకుపోతాయి. 44, 45 డిగ్రీల ఎండలు కాసే రోజుల్లో పరుపు మీద పెట్టి వాడితే గాలి ఆడక వేడెక్కి దానంతటదే ఆగిపోతుంది, చల్లబడేదాకా లేవదు. ఫ్యాను కింద అరగంట ఉంచి చూడండి. లేస్తే అది పాడవలేదు, శుభ్రం చేయించాలి.

చాయ్ ఒలికిందా? బటన్ పట్టుకుని ఆపేయండి, ఛార్జరు పీకండి, మూత తెరిచి బోర్లా పెట్టండి. లేస్తుందేమోనని బటన్ నొక్కి చూడొద్దు. చాలా బోర్డులు ఆ నొక్కడంతోనే కాలిపోతాయి. వరి పండే ప్రాంతం కదా, బియ్యం డబ్బాలో పెట్టి తెస్తారు. బియ్యం లోపలి తడిని లాగదు, పైగా తవుడు, నూకలు సందుల్లోకి పోతాయి. తడిసిన ఫోనును బియ్యంలో పెట్టొద్దని యాపిల్ కంపెనీ కూడా చెప్పింది. ఎండలో కూడా పెట్టొద్దు, బ్యాటరీకి ప్రమాదం. చాయ్‌లోని చక్కెర, పాలు బోర్డును రోజుల తరబడి తింటూ ఉంటాయి. అదే రోజు దుకాణంలో ఇస్తే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి కాపాడొచ్చు.

ఇవన్నీ అయ్యాక కూడా లేవకపోతే అప్పుడు బోర్డు. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అనే చోట, చిప్ లెవల్ పని చేసేవాళ్లున్నారు. బోర్డు మొత్తం మార్చకుండా కాలిన భాగాన్నే మారుస్తారు. ముందు అది అడగండి.

ఫైళ్ల గురించి భయపడొద్దు. బోర్డు పోయినా హార్డ్ డిస్కో ఎస్‌ఎస్‌డీయో విడి భాగం. దాన్ని తీసి యూఎస్‌బీ కేసులో పెట్టి వేరే కంప్యూటరుకు తగిలిస్తే సర్టిఫికెట్లు, ఫొటోలు, ప్రాజెక్టు అన్నీ తీసుకోవచ్చు. రెండు చోట్ల ఇది కుదరదు. బాగా చవక ల్యాప్‌టాప్‌లలో, ఇప్పటి మ్యాక్‌బుక్‌లలో స్టోరేజీని బోర్డుకే అతికించి ఉంటారు. ఇంకోటి బిట్‌లాకర్. కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో మీకు తెలియకుండానే డిస్కుకు తాళం పడి ఉంటుంది. బోర్డు మార్చినా, డిస్కు వేరే చోట పెట్టినా 48 అంకెల కీ అడుగుతుంది. అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంటులో ఉంటుంది. ల్యాప్‌టాప్ బాగున్నప్పుడే, ఇవాళే, దాన్ని చూసి కాగితం మీద రాసి సర్టిఫికెట్ల ఫైలులో పెట్టుకోండి. ఆ కీ లేక, కళ్ల ముందే డిస్కు ఉండి కూడా మూడేళ్ల చదువు తాలూకు ఫైళ్లు పోగొట్టుకున్న పిల్లలను చూస్తే నాకు చాలా బాధేస్తుంది. ఏ మెకానిక్కూ దాన్ని తెరవలేడు.

దుకాణంలో ఇచ్చేటప్పుడు ర్యామ్ ఎంత, డిస్కు ఎంత అని రసీదు మీద రాయించుకోండి. సీరియల్ నంబరు ఫొటో తీసుకోండి. ఏ భాగం పోయిందో, ఎట్లా తెలిసిందో అడగండి. మంచి మెకానిక్ మీటరు పెట్టి చూపిస్తాడు, మీ ఎదురుగానే చూపిస్తాడు. మార్చిన పాత భాగం తిరిగి ఇమ్మనండి. “ఫార్మాట్ కొడదామా” అని అడిగితే, డేటా తీసిన తర్వాతే అని గట్టిగా చెప్పండి. కరెంటే రాని ల్యాప్‌టాప్‌కు ఫార్మాట్‌తో పనే లేదు.